ఉత్తుత్తి జ్యూరీలో ఏడో కుర్చీ

నాకు చదువు రాదు. తెలుగులో సంతకం పెడతాను, బస్సు నంబరు గుర్తుపడతాను, అంతవరకే. నేను చెబుతుంటే ఇది రాస్తున్నది మా బేస్‌మెంట్‌లో అద్దెకుండే అమ్మాయి. షూటింగులకి ఎక్స్‌ట్రాగా వెళ్దామనుకుంటున్నా ఆంటీ, ఎలా ఉంటుందని అడిగింది. కాగితం తెచ్చుకో, చెబుతాను, నీలాంటివాళ్ళు ఇంకా ఉంటారు, వాళ్ళకీ పనికొస్తుందన్నాను. నా మాటలు బాగు చెయ్యొద్దని కూడా చెప్పాను. చేస్తూనే ఉంది.

పని ఏమిటంటే

మా ఆయన చెక్కల మిల్లులో పనిచేసేవాడు. గుండె ఆగి పోయాడు. ఆయన పోయాక ఇంట్లో గోడలు చూస్తూ కూర్చున్నదాన్ని పక్కింటావిడ ఈ పనికి లాక్కుపోయింది. మేముండే బర్నబీలో, అమెరికా సరిహద్దుకి ఇవతల, స్టూడియోలు చాలా ఉన్నాయి. అమెరికా కథలు ఇక్కడ తీస్తారు. గోదాములాంటి షెడ్డులో కోర్టు కట్టి, అమెరికా జెండా పాతి, జడ్జీని కూర్చోబెడతారు. జ్యూరీలో పన్నెండుమంది ఉండాలి, వాళ్ళు రకరకాల మనుషుల్లా కనపడాలి. నల్లవాళ్ళు ఇద్దరు, చైనా ముఖం ఒకటి, మనలాంటి ముసలి ముఖం ఒకటి. ఆ ఒకటి నేను. ఏడో నంబరు కుర్చీ, ముందు వరసలో చివరిది. ఎన్నేళ్ళు చేశానో, ఎంతమందికి శిక్ష వేశానో లెక్క లేదు.

మాట్లాడకూడదు. అది మొదటి నియమం. ఒక్క మాటన్నా నటుల కింద లెక్క, అందుకని మన నోరు తెరవనివ్వరు. పెద్దవాడొకడు ఉంటాడు, ఫోర్‌మన్ అంటారు, తీర్పు లేచి చదివేది వాడే. మిగిలినవాళ్ళం వినాలి. వినడమే పని. ఇదేం పని అనుకోకండి. ఏమీ అర్థంకాని భాషలో పొద్దుట్నుంచి సాయంత్రందాకా అర్థమైనట్టు వినడం ఒళ్ళు హూనం చేస్తుంది.

తీర్పు ముందు, సాక్ష్యం తర్వాత

మొదటి వారంలోనే నాకు బుర్ర తిరిగింది. పొద్దున్నే ఫోర్‌మన్ లేచి, దోషి అని చదివాడు. ముద్దాయి తల్లి కుప్పకూలింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక సాక్షిని తెచ్చి కూర్చోబెట్టి, హత్య ఎలా జరిగిందో చెప్పించారు. తీర్పు అయిపోయాక ఇంకా సాక్ష్యమేమిటని పక్కనున్న తెలుగమ్మాయిని అడిగితే నవ్వింది. ఏ సీను ఎప్పుడు వీలైతే అప్పుడు తీస్తారు ఆంటీ, వరసలో ఉండదంది.

ఒక ముసలి డైరెక్టరమ్మ ఉండేది. గట్టిది. ఎక్స్‌ట్రాలని పేరుపెట్టి పిలిచే మనిషి ఆవిడొక్కతే. షూటింగు మొదలుపెట్టకముందే మా పన్నెండుమందినీ పిలిచి, ముద్దాయి వేషం వేసేవాణ్ణి చూపించి, వీడు చేశాడా లేదా అని అడిగేది. కథ ఎవరికీ తెలియదు. అయినా అందరూ చెప్పేసేవారు. కళ్ళు దగ్గరగా ఉన్నాయని ఒకరు, చేతులు మెత్తగా ఉన్నాయని ఒకరు. ఆవిడ అందరి మాటా విని, ఇక ఈ పూటంతా ఆ సంగతి మీ ముఖంలో కనపడకుండా వినండి అనేది, తెలుగు వచ్చినవాళ్ళెవరో నాకు చెప్పేవారు. నాకు ఈ పనిలో దొరికిన చదువు అదే. మనిషి తీర్పు ముందే చేసేస్తాడు. సాక్ష్యం తర్వాత వెతుక్కుంటాడు. సినిమావాళ్ళు తలకిందులుగా తీస్తారని నేననుకున్నాను గానీ, వాళ్ళు తీసేదే వరస.

జ్యూరీ గదిలో వాదించుకునే సీన్లూ చాలా చూశాను. అక్కడ కూడా నేను మూగదాన్నే, నా చుట్టూ నటులు అరుచుకునేవారు. ప్రతి కథలోనూ ఒకటే తంతు. పదకొండుమంది ఒకవైపు, ఒక్కడు ఒకవైపు. ఆ ఒక్కడు నెమ్మదిగా అడుగుతాడు, కుర్చీ జరిపి చూపిస్తాడు, కిటికీ ఎంత ఎత్తంటాడు. ఒక్కొక్కరే వాడివైపు వస్తారు. ఆఖరున మిగిలిన మొండివాడు తన ఇంటి బాధేదో కక్కుకుని ఏడుస్తాడు. చూడ్డానికి బాగుంటుంది. నేనూ చాలా ఏళ్ళు నమ్మాను.

గోపాల్

పైన లైట్లు చూసే గోపాల్ ఫిజీ మనిషి. తాతల కాలంలో మన తెలుగువాళ్ళు చెరకు తోటలకి వెళ్ళారుగదా, ఆ వంశం. వాళ్ళ నాయనమ్మ దగ్గర నేర్చుకున్న తెలుగు, మధ్యలో హిందీ ముక్కలు. పెళ్ళి మాత్రం విజయనగరం పిల్లని చేసుకున్నాడు, పేరు సరోజ. ఇనప చట్రం మీద నడుస్తూ నన్ను చూసినప్పుడల్లా పైనుంచే కేకేసేవాడు.

"అక్కా, ఇవాళ ఎవణ్ణి లోపలేస్తున్నావు?"

"ఆ పొడుగాయన్ని."

"ఎయ్యి ఎయ్యి. ఆడు సాయంత్రం నాకన్నా ముందు కారు తోలుకుని ఇంటికి పోతాడులే."

బెల్టు లేకుండా అతన్ని నేనెప్పుడూ చూడలేదు. నడుముకి బెల్టు, బెల్టుకి తాడు, తాడు చివర కొక్కెం చట్రానికి. ఒక చోట కొక్కెం తీసే ముందు రెండో కొక్కెం తగిలించుకునేవాడు. కొడుకు కిరణ్ ఇళ్ళ పైకప్పులు వేసే పనిలో చేరినప్పుడు, వాడికి తనే బెల్టు కొనిచ్చానని చెప్పుకున్నాడు.

ఆ రోజు

సాక్షి వేషం వేసిన పెద్ద నటి తన పని ముగించుకుని వెళ్ళిపోయింది. ఇక మా ముఖాలు తియ్యాలి. మనిషి లేనప్పుడు మేం ఎటు చూడాలో తెలియడానికి ఒక స్టాండుకి పసుపు టేప్ అతికిస్తారు. పన్నెండుమందీ దాన్నే చూడాలి, అది ఏడుస్తూ సాక్ష్యం చెబుతున్న ఆడమనిషి అనుకోవాలి. కెమెరా ఇంకా తిప్పలేదు, లైటు సర్దుతున్నారు. కళ్ళు మాత్రం టేప్ మీదనుంచి తియ్యొద్దన్నారు. గోపాల్ సరిగ్గా ఆ స్టాండుకి పైన, చట్రం మీద వంగి లైటు తిప్పుతున్నాడు.

అతని తాడు నీడ నా ముఖం మీద పడింది. నుదుటినుంచి గడ్డందాకా గీతలాగ.

అసిస్టెంట్ డైరెక్టర్ మార్క్ అని ఉండేవాడు. ఎక్స్‌ట్రాల్లో ఎవరిని పిలవాలో ఎవరిని వద్దో అతని చేతిలోనే ఉంటుంది. అతను టేప్‌కి కాస్త వెనక నిలబడి, కెమెరా బొమ్మ కనపడే టీవీలో నా ముఖం చూసుకుని, వేలితో నన్ను చూపించి, పైకి కేకేశాడు. కేకేస్తూ తన నడుము దగ్గర చెయ్యి పెట్టి, కొక్కెం విప్పి పక్కకి వదిలేసినట్టు చేశాడు. నాకు ఇంగ్లీషు అందలేదు గానీ చెయ్యి అందింది. పైనుంచి గోపాల్ ఏదో అన్నాడు. మార్క్ మళ్ళీ ఏదో అన్నాడు. నా ముఖం మీద నీడ పోయింది.

తర్వాత గోపాల్ టేప్ పక్కనే పడ్డాడు. మా కళ్ళు అక్కడే ఉన్నాయి. పెట్టమన్నదే అక్కడ. ఆ సాయంత్రమే ఆసుపత్రిలో పోయాడు.

టెంటులో

మమ్మల్ని ఎక్స్‌ట్రాలు కూర్చునే టెంటులోకి పంపారు. భద్రత చూసే గవర్నమెంటు ఆఫీసరు వస్తుంది, ఒక్కొక్కరిని అడుగుతుంది, అందాకా ఎవరూ వెళ్ళొద్దన్నారు. పన్నెండుమందిమి, జ్యూరీ బట్టలతోనే ఉన్నాం. ఎవరూ చెప్పకుండానే వాదన మొదలైంది. నాకు పక్కనున్న సుష్మ ఎప్పటికప్పుడు తెలుగులో చెప్పింది. ఖమ్మం పిల్ల, కొండమీది యూనివర్సిటీలో చదువు ముగించి, ఉద్యోగం వెతుక్కుంటూ ఇటు వస్తుండేది. ఎనిమిదో కుర్చీ ఆమెది, నా వెనకే.

ముందు నోరు విప్పినవాడు డగ్లస్. రిటైరైన బ్యాంకు మనిషి, తెల్ల జుట్టు, మంచి గొంతు. ఎప్పుడూ ఫోర్‌మన్ వేషం అతనికే ఇచ్చేవారు, ఇచ్చీ ఇచ్చీ అతను నిజంగానే ఫోర్‌మన్ అయిపోయాడు. మనల్ని టేప్ చూడమన్నారు, టేప్ చూశాం, పైన ఏం జరిగిందో మనకెలా తెలుస్తుంది అన్నాడు. ఈ మాటలో అబద్ధం లేదు చూడండి. అందుకే అది పనిచేసింది.

ఎర్రజుట్టావిడ ఒకామె ఒప్పుకోలేదు. తాడు తియ్యమని మార్క్ అన్నాడు, నేను విన్నానంది. డగ్లస్ ఆమెని కోప్పడలేదు. సరిగ్గా ఏ మాటలన్నాడో చెప్పమన్నాడు. ఆమె ఒక రకంగా చెప్పింది. వెనక వరస కుర్రాడు, అలా కాదు, ఇలా అన్నాడన్నాడు. ఇంకొకడు మూడో రకం చెప్పాడు. డగ్లస్ చేతులు చాపి, చూశారా, ముగ్గురు మూడు రకాలు విన్నారు, అంటే మనకి ఖాయంగా తెలియదన్నమాట అన్నాడు. ముగ్గురూ చెప్పింది ఒకటే సంగతని ఎవరూ అనలేదు.

ఆ తర్వాత జారుడుబండే. మార్క్‌కి చిన్నపిల్లలున్నారని ఒకరు. అంత అనుభవమున్నవాడు తియ్యనని చెప్పొచ్చు కదా అని ఇంకొకరు. వచ్చే నెల పెద్ద సీరియల్ మొదలవుతోంది, నాలుగు నెలల పని అని మరొకరు, ఊరికే గుర్తుచేసినట్టు. ఎర్రజుట్టావిడ, చెప్పాడు అన్నది. కాసేపటికి చెప్పాడనుకుంటా అన్నది. తర్వాత ఏదో అన్నాడు అన్నది. ఆఖరికి వినపడలేదంది. ఆమె అబద్ధాలకోరు కాదు. మాటని కొంచెం కొంచెం కోసుకుంటూ పోయింది, చివరికి ఏమీ మిగల్లేదు.

సినిమాల్లో ఒక్కడు పదకొండుమందిని తిప్పుతాడని చెప్పానా? ఆ టెంటులో పదకొండుమంది కలిసి ఒక్కరిని తిప్పడం చూశాను. బెదిరించనక్కర్లేదు. అందరూ మర్యాదగా ఒకవైపు చూస్తూ కూర్చుంటే చాలు.

నేను లేచి, మార్క్ చేసినట్టు నడుము దగ్గర చెయ్యి పెట్టి కొక్కెం విప్పి చూపించాను. అందరూ చూశారు. డగ్లస్ సుష్మతో ఏదో అన్నాడు.

"ఏమన్నాడే?"

"మీకు ఇంగ్లీషు రాదు కదా, ఆయన ఏమన్నాడో మీకెట్ల తెలుస్తది అంటున్నడు ఆంటీ."

"నీకు వచ్చుగా. నువ్వు చెప్పు."

సుష్మ కిందకి చూసింది.

"నా వర్క్ పర్మిట్ అయిపోతోంది ఆంటీ. పీఆర్‌కి అప్లై చేసిన. ఇప్పుడు నా పేరు ఏ కేసులో ఉండొద్దు. ఉంటే రిజెక్ట్ చేస్తరట."

"ఎవరన్నారు?"

"అందరూ అంటరు."

పీఆర్ అంటే ఈ దేశంలో స్థిరంగా ఉండిపోనిచ్చే కాగితం. మనవాళ్ళందరిదీ ఇదే భయం. పోలీసు, కోర్టు, ఆఫీసరు, ఏ కాగితం మీద పేరు పడినా ఇమ్మిగ్రేషన్‌వాళ్ళు చూస్తారని. సాక్షికీ ముద్దాయికీ తేడా తెలియని భయం. పార్టీల్లో ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుని పెంచుకుంటారు. చదువుకున్నవాళ్ళు మరీ.

ఆఫీసరు

ఆఫీసరమ్మ మంచిదే. నాకోసం ఫోన్లో తెలుగు మనిషిని పెట్టింది. ఎక్కడివాడో, పంతులుగారిలా మాట్లాడాడు. నేను చెయ్యి తిప్పి చూపిస్తే అతనికి కనపడదుగా, ఏం చేశారో మాటల్లో చెప్పండన్నాడు. కొక్కెం విప్పమన్నట్టు చేశాడని చెప్పాను. ఆఫీసరమ్మ, అది పక్కకి జరగమనే సైగ కావచ్చా అని అడిగింది. కాదన్నాను. మాటలు విన్నావా అంది. విన్నాను, అర్థంకాలేదన్నాను. సైగ చూసింది, దాని అర్థం తెలియదు అని రాసుకుందని తర్వాత తెలిసింది. నాకు అర్థం తెలియదని నేనెప్పుడూ అనలేదు.

సుష్మ నా తర్వాత వెళ్ళింది. తొందరగానే వచ్చేసింది. నా ముఖం చూడకుండా కోటు వేసుకుంది.

మళ్ళీ అదే కుర్చీ

ఆ సీను మిగిలిపోయింది కాబట్టి మమ్మల్ని మళ్ళీ పిలిచారు. అవే బట్టలు, అవే కుర్చీలు, అదే టేప్. నేల కడిగారు. పైన కొత్త మనిషి. మార్క్ తలెత్తి ఎవరినీ చూడలేదు. మనిషి చిక్కిపోయాడు, అది కూడా చెప్పాలి.

లైటు వేశారు. కొత్త మనిషి తాడు నీడ మళ్ళీ నా ముఖం మీద పడింది, అదే చోట.

మార్క్ నా దగ్గరకి వచ్చి, ప్లీజ్ అని, నా కుర్చీని తనే పట్టుకుని జానెడు పక్కకి జరిపాడు. నీడ పోయింది.

అంతే. జానెడు. నా వెనక సుష్మ ఏడవడం మొదలుపెట్టింది. కెమెరా తిరుగుతోంది. డైరెక్టరు కట్ చెప్పలేదు.

సరోజ ఇంట్లో

తిరిగొచ్చే బస్సులో సుష్మ నా చెయ్యి పట్టుకుని, నేను విన్నా ఆంటీ, అంతా విన్నానంది. సరే, నాకెందుకు చెప్పడం, పద అన్నాను. ఇద్దరం సరోజ ఇంటి దగ్గర దిగాం.

సరోజ తలుపు తీసి లోపలికి రమ్మంది. కిరణ్ వంటింట్లో బల్ల దగ్గరున్నాడు, పని బూట్లతోనే. తండ్రి పోయిన దగ్గర్నుంచీ ఆ కుర్రాడికి దుఃఖం కన్నా కోపం ఎక్కువ. కంపెనీవాళ్ళు వచ్చి, బెల్టు తనంతట తనే విప్పుకున్నాడని చెప్పి వెళ్ళారు. బెల్టు లేకుండా పైకప్పు ఎక్కితే వీణ్ణి ఆ పూటే ఇంటికి పంపేస్తారు. నాకు బెల్టు కొనిచ్చినవాడే తనది ఎలా విప్పాడని తల్లిని రోజూ అడుగుతున్నాడట. అంత్యక్రియల్లో కూడా తండ్రి గురించి నాలుగు మాటలు చెప్పమంటే లేవలేదు.

సుష్మ ముందు తెలుగులోనే సరోజకి చెప్పింది. నీడ పడుతోంది, తాడు తీసెయ్ అని మార్క్ అన్నాడని. సరోజ తల ఊపింది.

"నాకు తెలుసమ్మా. ఆయన ఊరికే తీసే మనిషి కాదు. నాకు చెప్పి ఏం లాభం? ఇదిగో, వీడికి చెప్పు."

సుష్మ కిరణ్‌వైపు తిరిగి ఇంగ్లీషులో చెప్పింది. నాకు మాటలు తెలియవు, ముఖం చూశాను. కిరణ్ కదల్లేదు. ఆఖరున ఒకటే ప్రశ్న అడిగాడు. సుష్మ జవాబు చెప్పింది. చెప్పేసరికి ఆ కుర్రాడు బల్ల అంచు పట్టుకుని తల దించేశాడు.

"ఏమడిగాడు?" అన్నాను.

"వాళ్ళ నాన్న ఏమన్నడని అడిగిండు." సుష్మ సరోజని చూసింది. "వద్దు బాస్, తాడు లేకుండా చెయ్యను అన్నడు ఆంటీ. మార్క్ ఒక్క నిమిషమే అన్నడు. మళ్ళీ తియ్యమన్నడు. అప్పుడు తీసిండు."

ఇది నాకూ తెలియదు. పన్నెండుమందిలో ఇంగ్లీషు వచ్చినవాళ్ళందరికీ తెలుసు. టెంటులో అతను వద్దని చెప్పొచ్చు కదా అన్నవాళ్ళకి కూడా తెలుసు.

ఇదంతా ఆఫీసరమ్మకి చెబుదాం పదమని కిరణ్ కారు తాళాలు తీశాడు. సుష్మ పర్మిట్ సంగతి చెప్పింది. దానికీ దీనికీ ఏం సంబంధమని విసుక్కున్నాడు, ఎవరికో ఫోన్ చేసి అడిగి ఆమెకి వినిపించాడు కూడా. ఆమె లేచి కోటు వేసుకుంది. ఆఫీసరమ్మ దగ్గరకి ఇద్దరూ వెళ్ళారు.

మీరు ఈ పనికి వెళ్ళేవాళ్ళయితే ఇక్కడ న్యాయం జరిగిందని వినాలనుకుంటారు. జరగలేదు. మిగిలినవాళ్ళని మళ్ళీ అడిగితే అందరూ వినపడలేదనే చెప్పారు. డగ్లస్ చాలా బాగా చెప్పాడట. ఎవరు తియ్యమన్నారో తేల్చలేకపోయామని రిపోర్టు వచ్చింది. మార్క్ ఇంకా పనిలోనే ఉన్నాడు. నాకూ సుష్మకీ ఆ తర్వాత ఏ షూటింగు నుంచీ ఫోను రాలేదు. నా రిటైర్మెంటు అలా జరిగింది. సుష్మకి పీఆర్ వచ్చింది, విన్నిపెగ్ వెళ్ళిపోయింది.

వెళ్ళండి, పని చెయ్యండి. నడుం నొప్పి తప్ప కుర్చీలో తప్పేమీ లేదు. కానీ పదిమంది ఒక టెంటులో కూర్చుని ఏదన్నా మాట్లాడుకోవడం మొదలుపెడితే, మీరు చూసింది అప్పటికే ఎవరికన్నా చెప్పేసి ఉండండి. ఆ టెంటులోకి తీసుకెళ్ళకండి. లోపలికి వెళ్ళాక మీది మీకు మిగలదు.

రిపోర్టు వచ్చిన రోజు సరోజ నన్ను పిలిచింది. కిరణ్ చదివాడు, చాలా పేజీలున్నాయి. పుట్టి బుద్ధెరిగాక ఆ కుర్రాడు నా ముందు ఇంగ్లీషు తప్ప మాట్లాడలేదు. చదువుతూ చదువుతూ ఒక చోట ఆగాడు. వేలు ఆ వాక్యం మీద పెట్టి, తల్లిని చూసి, మాటలు వెతుక్కున్నాడు.

"అమ్మా. నాన్న... ఫస్ట్ వద్దన్నాడు. రాశారు ఇక్కడ."

సరోజ పొయ్యి కట్టేసి వచ్చి వాడి ఎదురుగా కూర్చుంది.

"మళ్ళీ చెప్పు," అంది.